కాంచనపురిలో క్వాయ్ వంతెన

‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ చూశారు కదూ? 1957లో డేవిడ్ లీన్ తీశాడు. ఏడు ఆస్కార్లు కొట్టింది! సినిమాలో కొయ్యవంతెన పేలిపోతుంది. కానీ షూటింగ్ జరిగింది శ్రీలంకలో. థాయిలాండ్‌లో ఉన్న అసలు వంతెన ఉక్కుది. 1945లో దానిమీద బాంబులు పడ్డాయి. యుద్ధం ముగిశాక బాగుచేశారు. దానిమీద నేను నడిచాను. ఇప్పటికీ రైలు నడుస్తోంది.

ఊరు బ్యాంకాక్‌కి పడమట సుమారు 130 కిలోమీటర్లు. పేరు కాంచనాబురి. అంటే మన కాంచనపురే! క్వే యాయ్, క్వే నోయ్ నదులు ఇక్కడే కలిసి మే క్లాంగ్ అవుతాయి. ఈ ప్రావిన్సు రాజముద్ర మీద మూడు స్తూపాలుంటాయి. అవి బర్మా సరిహద్దు కనుమలోవి. పూర్వం బర్మా సేనలు దండెత్తి వచ్చిన దారి అదే. 1942-43లో జపాన్ సైన్యం 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించిందీ ఆ కనుమ గుండానే.

ఆ పనిలో 12,000 మందికి పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. ఊళ్ళోని శ్మశానంలో దాదాపు 7,000 సమాధులు బారులు తీరి ఉన్నాయి. చాలావాటి మీద పేర్లున్నాయి.

మరి కూలీలో? చనిపోయినవాళ్ళు 90,000 దాకా ఉంటారని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు అందులో ఉన్నారు. వాళ్ళకి పేర్లు చెక్కిన రాళ్ళు లేవు. సినిమా కథంతా సైనికులదే.

ఈ ప్రావిన్సు పువ్వు ఏమిటనుకున్నారు? పారిజాతం! రాత్రి పూసి, తెల్లారేసరికి నేల రాలిపోతుంది.

ఈసారి ఆ సినిమా చూస్తే, ఈలపాటతో నడిచొచ్చే సైనికుల వెనక కనిపించని మనవాళ్ళని కూడా తలుచుకోండి.