గంధకం కంపు కొట్టిన వంటిల్లు

"రెండు జిరాక్సులు తీయించుకు రాపో" అని తహసీల్దారు ఆఫీసులో అనిపించుకోనివాళ్లు మనలో ఉన్నారంటారా? ఎదురుగా ఉన్న కొట్టుకు పరుగెత్తుతాం, ఇంకా వేడి తగ్గని కాగితాలు పట్టుకుని వెనక్కి పరుగెత్తుతాం. ఆ మిషన్ ఎవరి లేమిలోంచి పుట్టిందో తెలుసా? కుర్చీ కాస్త ఇటు జరుపుకోండి, చెబుతాను.

చెస్టర్ కార్ల్‌సన్ అని అమెరికా ఆయన. క్షవరం పని చేసే తండ్రి, తల్లి, ఇద్దరూ క్షయ రోగులే. చిన్నప్పుడే సంసారం ఈ పిల్లాడి నెత్తిన పడింది. ఎలాగో ఫిజిక్సు డిగ్రీ చేతికొచ్చేసరికి 1930. వచ్చిన ఏడు చూడండి, ఖర్మ! వాల్‌స్ట్రీట్ షేర్ల బజారు కుప్పకూలి, మాంద్యం మొదలై ఏడాదైనా నిండలేదు. 82 కంపెనీలకు ఉత్తరాలు రాస్తే రెండు జవాబులొచ్చాయి, ఉద్యోగం మాత్రం ఒక్కటీ రాలేదు. చివరికి బెల్ ల్యాబ్స్‌లో వారానికి 35 డాలర్ల కొలువు దొరికింది. 1933లో అదీ ఊడింది.

తర్వాత మరో కంపెనీలో పేటెంట్ల పని. అక్కడ ఒకే కాగితానికి నకళ్ల మీద నకళ్లు కావాలి. టైపు కొట్టాలి, తప్పులు దిద్దాలి, లేదా ఖర్చు పెట్టి ఫొటో తీయించాలి. ఉన్న ఉద్యోగం నిలబడితే చాలనుకునే రోజుల్లో ఈయన నకళ్లకో సులువు దారి వెతుకుతూ సాయంత్రాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాడు. వంటింట్లో గంధకం కరిగించాడు. కంపుకి ఇరుగుపొరుగు ఏమనుకున్నారో ఊహించుకోండి! అందుకే తర్వాత న్యూయార్క్‌లోనే ఆస్టోరియా అనే చోట ఓ గది అద్దెకు తీసుకుని, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒటో కోర్నై అనే ఫిజిక్సు ఆయన్ని తోడు పెట్టుకున్నాడు.

1938 అక్టోబరు 22. గంధకం పూసిన జింకు రేకుని చీకట్లో చేతిరుమాలుతో రుద్దారు. దానికి కరెంటు పట్టింది. ఆ రోజు తేదీ, ఊరి పేరు రాసిన గాజు పలకని దానిమీద పెట్టి దీపం వేశారు. వెలుగు తగిలిన చోట కరెంటు పోయింది, అక్షరాల నీడలో మిగిలింది. పొడి చల్లి ఊదితే అక్షరాలకే అంటుకుంది. మైనం కాగితం మీదికి దించుకున్నారు. అంతే!

ఇంక దశ తిరిగిందనుకుంటున్నారా? ఐబీఎం, కొడాక్‌తో సహా ఇరవైకి పైగా కంపెనీలు వద్దన్నాయి. 1944లో బ్యాటెల్ సంస్థ చేయందించింది, ఆ తర్వాత హాలాయిడ్ అనే చిన్న కంపెనీ నమ్మింది. వాళ్ల జిరాక్స్ 914 మిషన్ జనం ముందుకొచ్చేసరికి 1959.

అందుకే, కొత్త ఆవిష్కరణలే మనల్ని గట్టెక్కిస్తాయని ఎవరైనా ఊదరగొడితే నేను తొందరపడి తలూపను. ఆ మాంద్యంలో ఈ మిషన్ ఎవరికీ పూట గడపలేదు. ఆశ లేదా అంటే, ఉంది. కాకపోతే చాలా దూరం తిరిగి వచ్చింది: డిగ్రీ ఉండీ ఉద్యోగం రాక, కలెక్టరాఫీసు ఎదుట జిరాక్స్ కొట్టు పెట్టుకుని ఇల్లు నడుపుకున్న మన కుర్రాళ్ల దాకా.

అన్నట్టు, కోర్నై సంగతి. దీనివల్ల ఒరిగేదేం లేదని ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయాడు. రాబడిలో పది శాతం అన్న ఒప్పందాన్నీ రద్దు చేసుకున్నాడు. పాపం, ఆ రోజుల్లో ఎవరైనా అదే చేసేవారు. తర్వాత కార్ల్‌సన్ గుర్తుపెట్టుకుని వంద జిరాక్స్ షేర్లు ఊరికే ఇచ్చాడు. ఆ పది శాతం ఎంతయ్యేదో మాత్రం లెక్క వేయకండి, రాత్రికి నిద్ర పట్టదు.