నేమ్ ప్లేటు లేని మోటారు

ఎండాకాలంలో మోటారు కాలిపోతే ఎంత ఇబ్బందో మన గూడూరు ప్రాంతపు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. మాది అలాగే కాలింది. వైండింగ్‌కు చేతిలో డబ్బు లేదు. ఆ వారమే ఒక మనిషి సగం ధరకన్నా తక్కువకు మోటారు తెచ్చాడు. నేమ్ ప్లేటు ఊడబెరికి ఉంది. "ఎవరిదని అడగొద్దు అయ్యగారూ" అన్నాడు. మేము అడగలేదు. పైగా, దేవుడే అవసరం తీర్చాడని ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో స్తోత్రం చెల్లించాము!

మూడో ఆదివారం ఆరాధన ముగిశాక, గూడూరు మార్కెట్టుకు నిమ్మకాయ వేసే రైతు ఒకాయన మా ముందు మోకరించాడు. తోటలో మోటారు ఎవరో ఎత్తుకుపోయారు, చెట్లు ఎండుతున్నాయి, ప్రార్థించండి అన్నాడు. తలమీద చెయ్యి ఉంచాము గాని నోట మాట రాలేదు. దొంగతో పొత్తు పెట్టుకొన్నవాని గురించి సామెతలు 29:24 మీద ప్రసంగించినది మేమే. చట్టమూ తెలియనిది కాదు. పాత శిక్షాస్మృతిలో 411వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 317. దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణముండి గాని తీసుకొంటే 3 సంవత్సరాల వరకు జైలు. ఊడిన నేమ్ ప్లేటుకన్నా వేరే కారణమేమి కావాలి?

ఆయనను ఇంటికి తీసుకుపోయి మోటారు చూపించాము. తిప్పి తిప్పి చూసి, "ఇది నాది కాదు అయ్యగారూ" అన్నాడు. మనసు తేలికపడింది. ఆ తేలికకే సిగ్గుపడ్డాము. ఆయనది కాకపోతే మరొకరి తోట ఎండుతున్నది గదా.

మరునాడు ఆటోలో వేసుకుపోయి పోలీసు స్టేషనులో అప్పగించాము. ఇచ్చిన డబ్బు పోయింది. ఆ వేసవంతా మా ఇంటివారు వీధి కుళాయి నుండి బిందెలు మోశారు. అమ్మినవాని పేరేమిటని స్టేషనులో అడిగారు. అదీ మేము అడగలేదని చెప్పవలసి వచ్చింది.