చిమ్నీ లేని దుమ్ము

జనవరి 6
చలికాలం పొద్దున్నే విశాఖ కొండల మధ్య పొగ పైకి పోదు. కాస్త ఎత్తుకు లేచి అడ్డంగా పరుచుకుంటుంది. నేల దగ్గర గాలి చల్లగా, దాని మీద వెచ్చటి పొర మూతలా ఉన్నంతసేపూ ఇంతే. ఎండ ముదిరి సముద్రపు గాలి తిరగాలి.

జనవరి 8
దుమ్ము కొలవడానికి ఒక ఫ్యాక్టరీ బాయిలర్ చిమ్నీ ఎక్కాం. చిమ్నీ ఎంత ఎత్తుండాలో చెప్పే సూత్రం ఒకటుంది: గంటకు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ కిలోలను 0.3 ఘాతానికి తీసుకుని 14తో గుణిస్తే మీటర్లు వస్తాయి. లెక్క ఎంత తక్కువ తేలినా 30 మీటర్లకు తగ్గకూడదు. ఎత్తు పెంచితే పొగ పలచబడి దూరం పోతుంది. కాలుష్యం మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గదు.

పని అంతా చిమ్నీలోకి దూర్చి పొగను లాగే నాజిల్ దగ్గరే ఉంది. పొగ ఎంత వేగంతో పోతోందో పిటో ట్యూబ్‌తో చూసి, సరిగ్గా అదే వేగంతో లోపలికి లాగాలి. ఎక్కువ వేగంతో లాగితే బరువైన రేణువులు నాజిల్‌ను తప్పించుకుని నేరుగా పోతాయి, వడగట్టే థింబుల్‌లో దుమ్ము తక్కువ పడుతుంది, ఫ్యాక్టరీ శుభ్రంగా కనిపిస్తుంది. నెమ్మదిగా లాగితే తిరగబడుతుంది.

మేం ఎక్కే రోజున బాయిలర్లు ఎందుకో నిదానంగా నడుస్తాయి. "ఇవాళ లోడ్ లేదండీ" అంటారు. రిపోర్టులో లోడ్ రాసే గడి ఉంది. దాన్ని వదిలేయమని బతిమాలే పెద్దమనుషులూ ఉన్నారు. నేను రాస్తాను.

జనవరి 14, భోగి
తెల్లవారుజామున గాలిలో దుమ్ము రీడింగు ఎగిసింది. మంటల్లో టైర్లు వేయొద్దంటే వినేదెవరు? మధ్యాహ్నానికే ఒక ఫ్యాక్టరీ నుంచి ఫోను: "చూశారుగా, మా వల్ల కాదు." ఏడాదికి ఒక్క పూట పొగ మిగతా రోజులన్నిటికీ సాక్ష్యమట!

జనవరి 21
పాత ఊళ్ళో ఒక మేడ మీద గాలిలో దుమ్ము కొలిచే శాంప్లర్ పెట్టాం. ఇంటి ముసలావిడ గుడ్డతో పిట్టగోడ తుడిచి చూపించింది. నల్లగా ఉంది. "మీ మిషన్ ఎందుకు బాబూ, ఇది చాలదా?"

చాలదు. ఎందుకో ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. మిషన్ లోపలి సైక్లోన్ 10 మైక్రాన్లు దాటిన దుమ్మును వేరు చేసి కింది కప్పులో పడేస్తుంది. ఫిల్టర్ కాగితం మీద మిగిలిందే పీఎం 10. ఆవిడ రోజూ తుడిచేది చాలావరకు ఆ కప్పులోని సరుకు. ఊపిరితిత్తులకు సన్నటి దుమ్మే ప్రమాదం కాబట్టి ఈ విభజనలో తప్పులేదు. కానీ ఆవిడ ఫిర్యాదు ఏ సూచీలోనూ కనిపించదు.

పైగా అది ఏ చిమ్నీదీ కాదు. ఆరుబయట కుప్పపోసిన బొగ్గు గాలికి లేచి వస్తోంది. కుప్పకు ఎక్కడ నాజిల్ పెడతాం?

ఫిబ్రవరి 3
టీవీలో "గాలి నాణ్యత సంతృప్తికరం". ఇంకా సన్నటి దుమ్ము పీఎం 2.5, 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములున్నా మన గాలి నాణ్యత సూచీలో 100 లోపే, అంటే సంతృప్తికరమే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 24 గంటలకు చెప్పిన అంకె 15. మన ప్రమాణాలు 2009 నాటివి. మార్చాలి, అంతే.

ఫిబ్రవరి 11
వెంకటాపురం మీదుగా వచ్చాం. 2020 మే 7న అక్కడి ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకైంది చిమ్నీ నుంచి కాదు, నిల్వ ట్యాంకు నుంచి. జాతీయ గాలి నాణ్యత ప్రమాణాల్లోని 12 కాలుష్య కారకాల్లో స్టైరీన్ లేదు.

ఫిబ్రవరి 12
చిమ్నీ రిపోర్టు వెళ్ళింది: పరిమితి లోపలే. లోడ్ గడి నింపే పంపాను. పాత ఊరి వాళ్ళకు ఒక మాట: నల్లదుమ్ము పడిన రోజున తేదీ, వేళ, గాలి ఎటు నుంచి వీచిందో ఒక పుస్తకంలో రాసి, ఫోటో తీసి, ఫిర్యాదుకు జత చేయండి. మా మిషన్లు ఆ లెక్క రాయవు, మీరే రాయాలి.