కారు మెరుపు

అండమానులో కారు ఓడనెక్కి వచ్చిన వస్తువు. దిగిన నాటినుంచి ఉప్పుగాలి దానిని విడువదు. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరు, వేసవిలో మంచినీటి ఎద్దడి ఎరిగిన ఊరు. అందుచేత యజమాని ప్రతి ఉదయం కారును పొడిగుడ్డతోనే ఆప్యాయంగా తుడుస్తాడు. గుడ్డకు అంటిన ఇసుకరేణువులు రంగును గీరుతవి. ఆ గీతలు అన్ని దిక్కులకూ పోయేవే. వెలుగుకు అడ్డంగా పడినవి మాత్రమే తళుక్కుమనటంవల్ల, ఎండలో సాలెగూడువలె గుండ్రంగా కనిపిస్తవి.

పాలిష్ పెట్టే పనివాడు గీతను పూడ్చడు. దాని అడుగు అందేవరకు చుట్టూ ఉన్న పొరను అరగదీస్తాడు. రంగును ఎండనుంచి కాచే ఆ పారదర్శకపు పొర మందం సుమారు 50 మైక్రానులు, తలవెంట్రుకకన్న పలుచన. కనుక పాలిష్ తెచ్చిన మెరుపు ఆ పొర ఆయుష్షులోనుంచి తీసినదే.

పని తెలిసినవాడు ముందు ఉప్పును నీటితో కడిగి, మెత్తని మందుతో ఆరంభించి, లోతైన గీతలు కొన్నింటిని అలాగే విడిచిపెడతాడు. అవి పోలేదని యజమాని చిన్నబుచ్చుకొంటాడు. కాని రెండు ఋతుపవనాలూ తడిపే ఆ దీవిలో, మరికొన్ని వానకాలాలకు ఆ కారుపై పొర మిగిలి ఉండేది వాడు విడిచిన ఆ గీతల మూలాననే.