చేతులు పిండిలో, చెవులు కథలో

మొన్న మంగళవారం రాత్రి పదకొండు గంటలకు నా జొన్నరొట్టె మొదటిసారి పొంగింది!

పెంక మీంచి తీసి మంట మీద పెట్టగానే ఒక మూల చిన్న బుడగ లేచింది. ఆ బుడగ పక్కకు పాకింది, పాకుతూ పాకుతూ రొట్టె మొత్తం పూరీలా ఉబ్బి నిలబడింది. సరిగ్గా అదే నిమిషంలో, కిటికీకి ఆనించి పెట్టిన ఫోన్లో వినిపిస్తున్న నవలలో బారిస్టర్ పార్వతీశం సీమ ప్రయాణానికి టోపీ కొనుక్కుంటున్నాడు. అది ఆడవాళ్ల టోపీ అని పాపం ఆయనకు తెలియదు. ఒక చేతిలో పట్టుకారు, ఇంకో చేతికి మణికట్టు దాకా పిండి. గదిలో నేనొక్కణ్నే, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాను. ఇంత సంతోషం ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆగేలా లేను. అందుకే రాస్తున్నాను.

నాది పాశమైలారంలో ఒక మందుల కంపెనీ, ప్రొడక్షన్ పని. ఇస్నాపూర్‌లో అద్దె గది. పుట్టింది జగిత్యాల వైపు పల్లె కాబట్టి అన్నమే తప్ప రొట్టె అలవాటు లేదు. ఇంటివాళ్లు ఊళ్లో ఉంటారు, నేను నెలకోసారి పోయొస్తాను. ఈ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం చుట్టుపక్కల నాలాంటి వాళ్లు వేలమంది ఉన్నారు. రెండింటికి బి షిఫ్ట్ ఎక్కితే రాత్రి పదింటికి దిగుతాం. చౌరస్తాకు చేరేసరికి కర్రీ పాయింట్‌లో గిన్నె అడుగున నూనె తేలిన కూర మిగులుతుంది. పొద్దున టిఫిన్ సెంటర్ పూరీ, సాయంత్రం మిర్చి బజ్జీ. ఏళ్లకేళ్లు ఇదే తిండి. నిరుడు హెల్త్ చెకప్‌లో రిపోర్టు చూసిన డాక్టరమ్మ, “షుగర్ బోర్డర్‌లో ఉంది బాబూ, ఇంట్లో వండుకొని తినండి” అంది.

నాకు వంట అంతో ఇంతో వచ్చు. కానీ ఎనిమిది గంటలు మిషన్ల హోరులో నిలబడి వచ్చాక, గోడను చూసుకుంటూ ఒంటరిగా ఉల్లిగడ్డ కోయాలంటే ప్రాణం ఉసూరుమనేది. ఆ గంట గడవడమే నాకు బరువు. ఆ బరువును దించేది ఏదో షిఫ్టు బస్సులో దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు.

మా ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకుపోనియ్యరు. గేటు దగ్గర డబ్బాలో పెట్టి పోవాలి. షిఫ్టు దిగి ఫోన్ చేతికి రాగానే అందరం వీడియోల్లో పడిపోతాం. కొత్తగా చేరిన నిజామాబాద్ తమ్ముడొకడు మాత్రం బస్సెక్కగానే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. ఒకరోజు వాడు కళ్లు మూసుకునే నవ్వుతున్నాడు! ఏందిరా అంటే ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టి, “జర్ర విను అన్నా” అన్నాడు.

అది సత్యం శంకరమంచి అమరావతి కథల్లో ఒకటి. చదివే గొంతు తొందరపడటం లేదు. కృష్ణ ఒడ్డు, గుడి మెట్లు, తడి బట్టలతో నడిచే మనుషులు. బయట లారీల హారన్లు, లోపల నది. ఇస్నాపూర్ వచ్చింది, బస్సు ఆగింది. నేను లేవలేదు. డ్రైవరన్న రెండుసార్లు పిలిస్తే గాని నాకు తెలివి రాలేదు.

ఇంటర్ తర్వాత నేను కథల పుస్తకం పట్టింది లేదు. పట్టినా రెండో పేజీకే కళ్లు మూతలు పడేవి. అలసిపోయిన మనిషికి కళ్లే ముందు మూతపడతాయి, చెవులు మాత్రం మెలకువగానే ఉంటాయి. ఈ చిన్న సంగతి ఇన్నేళ్లూ నాకు తట్టలేదు. తెలుగులో వినడానికి ఎంత ఉందో చూస్తే నిజంగా నోరు తెరిచాను. దాసుభాషితం యాప్‌లో మన తెలుగు పుస్తకాలు చదివి వినిపిస్తారు. హర్షణీయం పాడ్‌కాస్ట్‌లో కథకు కథ, దాని వెనకే ఆ కథ రాసినవాళ్లతో మాటామంతీ. అమెరికాలో ఉండి కౌముది పత్రిక నడిపే కిరణ్ ప్రభ గారు ఒక్కో మహానుభావుడి జీవితాన్ని భాగాలు భాగాలుగా, పక్కన కూర్చుని చెప్పినట్టే చెబుతారు. ఇదంతా ఉన్నా ఇన్నేళ్లు నేను రీల్స్ చూస్తూ కూర్చున్నానా!

ఆ రాత్రి గదికి పోయి కథ ఆపడం ఇష్టం లేక ఫోన్ అలాగే కిటికీలో పెట్టాను. వింటూ వింటూ బియ్యం కడిగాను. పెసరపప్పు పొయ్యి మీద వేశాను. టమాట కోశాను. కథ అయ్యేసరికి పప్పు అయింది. గంట ఎటుపోయిందో తెలియలేదు. వంట అంటే నన్ను పట్టి పీడించే పని అనుకున్నానా, అదిప్పుడు కథ వినడానికి దొరికే సమయమైంది. పొద్దంతా దేనికోసం ఎదురుచూస్తున్నావంటే ఉల్లిగడ్డ కోయడానికి అని చెప్పగలను!

ఇప్పుడు నా వంటకు గడియారం అక్కర్లేదు. పెసరపప్పులో గంగవాయిలికూర వేసి ఉడికించి, ఎల్లిగడ్డ పోపు పెడితే ఒక అమరావతి కథ. ఆ కథలు చిన్నవి, వంద దాకా ఉన్నాయి, అంటే వంద రాత్రుల పప్పు. సన్నగా కోసిన బీరకాయ ముక్కలు మూతపెట్టి వాటి నీళ్లలోనే మగ్గనిస్తే కథలో సగం. పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు. చింతపండు పిసికి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కలిపేసరికి కథలో ఊరి వర్ణన కూడా అయిపోదు. నూనె రెండు చెంచాలు దాటడం లేదు. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు మించకూడదని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెబుతారు. అంటే దాదాపు ఒక టీ చెంచాడు. వండేది మనమైతే ఆ చెంచా మన చేతిలోనే ఉంటుంది.

జొన్నరొట్టె మాత్రం మా ఇంటి ఓనరన్న వాళ్లమ్మ చలవ. అవ్వది జహీరాబాద్ దిక్కు. నా గదిలోంచి రోజూ మాటలు వినబడుతుంటే ఎవరొచ్చారోనని తొంగిచూసింది. ఫోన్ అని తెలిశాక గడప మీదే కూర్చుని కథ మొత్తం వింది. అయిపోయాక లేస్తూ, “గింత మంచి కత ఇనుకుంట గా తెల్లబువ్వ ఏం తింటవ్ బిడ్డా, రొట్టె నేర్పుత రా” అంది.

అవ్వ నేర్పిన పద్ధతి ఇది. పిండి తాజాగా ఉండాలి. పచ్చజొన్నలు కొని గిర్నీలో కొంచెం కొంచెమే పట్టించుకోవాలి, పిండి పాతబడితే రొట్టె అంచులు విరుగుతాయి. గోధుమ పిండిలో ఉండే సాగే జిగురు జొన్నలో ఉండదు. అందుకే చన్నీళ్లు పనికిరావు, ఎసరు కాగాలి. మరిగే నీళ్లు పిండిలో పోసి, గంటెతో కలిపి, కాసేపు మూత పెట్టాలి. చెయ్యి పట్టేంత వేడికి రాగానే అరచేతి కిందిభాగంతో పిసకాలి. ఎంత పిసికితే అంత మెత్తన. ముద్ద చేసి, పీట మీద పొడిపిండి చల్లి, చేత్తో తట్టాలి. నేను బలంగా తట్టేవాణ్ని, రొట్టె చీలిపోయేది. అవ్వ నా చేతి మీద చెయ్యి వేసి, “కొట్టకు బిడ్డా, జో కొట్టు” అంది.

జో కొట్టడం! పసిపిల్లను నిద్రపుచ్చినట్టు, టప టప టప అని ఒకే లయలో. తట్టుతూ ఉంటే రొట్టె తనంతట తానే పీట మీద గుండ్రంగా తిరుగుతుంది. పొడిపిండి ఉన్న వైపు పైకి వచ్చేలా పెంక మీద వేసి, తడిచేత్తో పైన నీళ్లు రాయాలి. ఆ తడి ఆరుతుండగా తిప్పేయాలి. రెండో వైపు కాలాక మంట మీద పెడితే, అదృష్టం బాగుంటే, పొంగుతుంది. నాకు పదిహేడో రోజుకు పొంగింది. ఆ రోజే మొన్నటి మంగళవారం.

పొంగిన రొట్టెను చించితే వచ్చే ఆవిరి వాసన చెప్పాలంటే మాటలు చాలవు. వాన పడ్డ నల్లరేగడి చేను పక్కన ఎవరో జొన్నకంకి కాలుస్తున్నట్టు ఉంటుంది. దాంట్లోకి ఎల్లిగడ్డ కారం, పుంటికూర పప్పు. రెండు రొట్టెలు తిన్నానంటే మళ్లీ పొద్దున దాకా ఆకలి ఊసు లేదు. వంద గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో 3 గ్రాముల లోపే. ఆ తేడా కడుపుకు తెలుస్తుంది. రాత్రి నడుమ లేచి గ్యాస్ గోలీ కోసం వెతుక్కోవడం నాకు తప్పింది.

అసలు ఆశ్చర్యం ఇంకోటి. పదకొండేళ్లుగా నేను బస్సులో పటాన్‌చెరు మీదుగా వస్తూపోతూ ఇక్రిశాట్ గేటు చూస్తున్నాను. లోపల ఏముందో ఏనాడూ ఆలోచించలేదు. 1972లో మొదలైన ఆ సంస్థ సుమారు 3,500 ఎకరాల్లో జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లీ లాంటి మెట్ట పంటల మీదనే పనిచేస్తోంది. ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన లక్షా ఇరవై వేలకు పైగా విత్తన రకాలను అక్కడి జన్యునిధిలో భద్రపరిచారు. ఏళ్లతరబడి దాచేవాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు బ్యానర్లు చూశాను, తలతిప్పుకుని పోయాను. లోకమంతా వెతికే గింజ నా బస్సు కిటికీ పక్కనే ఉంది, నేను దాని ముందునుంచే పూరీ తినడానికి పోయేవాణ్ని!

ఇంకో సంగతి అవ్వే చెప్పింది. “మా దిక్కు రేడియోల మా ఆడోళ్లే మాట్లాడ్తరు” అంది. వాకబు చేస్తే ఒళ్లు గగుర్పొడిచింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1983 నుంచి ఆ చుట్టుపక్కల పల్లెల్లో, ఎక్కువగా దళిత మహిళల సంఘాలతో కలిసి పాత పంటలను నిలబెడుతోంది. ఆ సంఘాల ఆడవాళ్లే మాచునూర్‌లో సంఘం రేడియో నడుపుతారు. 2008 అక్టోబర్ 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, అది గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అని పల్లె నుంచి వచ్చిన ఇద్దరు మహిళలు దానికి గొంతూ ప్రాణమూ అయ్యారు. విత్తనాల ముచ్చట్లు, వంటలు, ఆకుకూరలు, మందులు, పాటలు, కథలు అన్నీ తమ యాసలోనే. లైసెన్స్ రాకముందు ఏళ్లతరబడి వాళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల మీటింగుల్లో వినిపించేవాళ్లట. అంటే ఆడియో పుస్తకమని నేను ఇప్పుడు కనిపెట్టి గంతులేస్తున్నది, ఈ జిల్లా ఆడవాళ్లు ఎప్పుడో చేసి చూపించారు! గింజనూ గొంతునూ ఒకే చోట కాపాడుకున్నారు. సంక్రాంతికి మొదలై నెల రోజుల పాటు ఎడ్లబండ్ల మీద విత్తనాలను అలంకరించి ఊరూరా తిప్పే పాత పంటల జాతర కూడా వాళ్లదే. వచ్చే సంక్రాంతి సెలవు నాకు అటే.

ఒంటరిగా వండుకునే అన్నలకూ అక్కలకూ నాది ఒకటే మాట. ఈ రాత్రే మొదలుపెట్టండి. మొదటి పుస్తకం నవ్వించేదో, చిన్న కథలదో పెట్టుకోండి. మొక్కపాటి వారి పార్వతీశం వందేళ్ల కిందటివాడు, ఇవాళ కూడా మీ ఒంటరితనాన్ని గది బయటికి గెంటగలడు. తర్వాత దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు పట్టండి. నిజాం కాలపు పల్లె, మా తాత మాట్లాడిన మాటలు. వాటిని గొంతులో వింటే తాత వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. వైఫై ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వేగం పెంచకండి, కథను దాని నడకన నడవనివ్వండి. హైవే దాటేటప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టండి, ఆ లారీల మధ్య రెండు చెవులూ కావాలి.

నిన్న రాత్రి అవ్వను అడిగాను, మీ చిన్నతనంలో పని చేస్తూ ఏం వినేవాళ్లని. “ఇనుడేంది బిడ్డా, మేమే పాడుకునేటోళ్లం” అంది. తెల్లారకముందే ఇసుర్రాయి ముందు అమ్మా తానూ ఎదురెదురుగా కూర్చుని, జొన్నలు విసురుతూ. రాయి తిరిగే లయకే పాట నడిచేదట. చాలా ఏళ్లయింది, యాదికి లేవేమో అంటూనే పిండి ముద్ద చేతిలోకి తీసుకుని తట్టడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో పాట దానంతటదే వచ్చేసింది. నేను ఫోన్లో కథ ఆపి, రికార్డింగ్ నొక్కాను.

ఇవాళ షిఫ్టు బస్సులో నిజామాబాద్ తమ్ముడి పక్కన కూర్చుని, ఒక ఇయర్‌ఫోన్ వాడి చెవిలో పెట్టాను. మూడు నిమిషాలు. పాట అయిపోయాక కూడా వాడు కళ్లు తెరవలేదు. చివర్లో ఇంకా వినిపిస్తోంది, అవ్వ రొట్టె తడుతున్న చప్పుడు. టప, టప, టప.