తొలి పెడల్ స్టీల్‌ను ఎంతవరకు విప్పాలి?

పెడల్ స్టీల్ గిటార్ కొత్తగా కొన్నవాళ్లకు ఒక తొందర పట్టుకుంటుంది. దాన్ని బోర్లించి, అడుగున ఉన్న రాడ్లూ స్ప్రింగులూ చూడగానే ఇంకో మోకాలి లీవరు బిగిద్దామా, ఆ పెడల్‌కు ఇంకో తీగ తగిలిద్దామా అనిపిస్తుంది. అలా అనిపించడం సహజమే. పొట్టలోని యంత్రాన్ని ఇంత బాహాటంగా చూపించే వాద్యాలు తక్కువ. అయినా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి వాద్యాన్ని సరిచేసుకోవాలే గాని మార్చకూడదు. వాడుకలో స్థిరపడిన అమరిక చేతికీ చెవికీ వశమయ్యేదాకా దాని జోలికి పోకూడదు. సరిచేయడానికీ మార్చడానికీ తేడా తెలియకనే చాలామంది మంచి వాద్యాన్ని పాడు చేసుకుంటారు, లేదా అది తమకు రాదని వదిలేస్తారు.

హవాయి గిటార్ మన దేశానికి తెలిసిన వాద్యమే. చిత్రవీణ విన్నవారికి తీగ మీద జారే నాదం కొత్త కాదు. కానీ ఈ వాద్యాల్లో తీగల మీద జారే కడ్డీకి ఒక పరిమితి ఉంది: దాని కింద మోగే తీగలన్నీ కలిసే ఎక్కుతాయి, కలిసే దిగుతాయి. పెడల్ స్టీల్‌లో ఒక తీగ కదులుతుంటే పక్క తీగ ఉన్న స్వరంలోనే ఉండగలదు. అమెరికాలోని నాష్‌విల్‌లో స్థిరపడిన ఇ నైన్త్ శ్రుతిలో పది తీగలుంటాయి. వాటిలో మూడు, నాలుగు, ఐదో తీగలు జి షార్ప్, ఇ, బి, అంటే ఇ మేజర్ కార్డు. ఎడమ పాదంతో ఎ, బి పెడళ్లు కలిపి తొక్కితే బి తీగ సి షార్ప్‌కూ, జి షార్ప్ తీగ ఎ స్వరానికీ ఎక్కుతాయి. ఇ తీగ కదలదు. కడ్డీ జరపకుండానే ఎ మేజర్ వచ్చేసింది. మన లెక్కలో షడ్జం మీది కార్డు నుంచి మధ్యమం మీది కార్డుకు వెళ్లాం. ఎ పెడల్ ఒక్కటే తొక్కితే సి షార్ప్ మైనర్. దానికి ఇ తీగల్ని అర స్వరం పెంచే మోకాలి లీవరు కలిపితే సి షార్ప్ మేజర్. పెడళ్లు వదిలేసి ఇ తీగల్ని అర స్వరం తగ్గిస్తే జి షార్ప్ మైనర్. రెండు పెడళ్లు, రెండు లీవర్లతోనే ఇంత దొరుకుతుంది. ఇది వంటబట్టడానికే ఏళ్లు పడుతుంది.

చరిత్ర కూడా నా వాదం వైపే ఉంది. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాట అమెరికా కంట్రీ సంగీతంలో స్టీల్ గిటార్ దారి మార్చింది. అందులో బడ్ ఐజాక్స్ తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కాడు. ఒక కార్డు వినేవాళ్ల చెవిలోనే మరో కార్డుగా మారింది. అప్పటికి పెడళ్లు కొత్తవి కావు. గిబ్సన్ సంస్థ చేసిన పెడళ్ల వాద్యం ఎలక్ట్రాహార్ప్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఉంది. వాద్యాల తయారీదారు పాల్ బిగ్స్‌బీ 1948లోనే స్టీల్ వాదకుడు స్పీడీ వెస్ట్‌కు పెడళ్ల గిటార్ చేసిచ్చాడు. ఐజాక్స్ తెచ్చిన కొత్తదనం వాయించే తీరులో ఉంది. ఆయన పెడల్ బి తీగనూ జి షార్ప్ తీగనూ ఒకేసారి ఎక్కించేది. ఆ రెండు కదలికలనూ రెండు పెడళ్లకు విడదీసింది మరో స్టీల్ వాదకుడు బడ్డీ ఎమన్స్. తర్వాత పై వరసలో ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలు చేర్చిందీ ఆయనే. ఆ మార్పుల వెనుక వాయించి వాయించి, ఇక్కడ ఈ స్వరం అందడం లేదని తెలుసుకున్న చెయ్యి ఉంది. కొత్తగా కూర్చున్నవారికి ఏ స్వరం అందడం లేదో ఇంకా తెలియదు.

మరి సరిచేయడం అంటే? ముందు మీ ఒంటికి సరిపెట్టుకోవడం. కుర్చీ ఎత్తు, మోకాళ్లకు లీవర్లు తగిలే దూరం, పెడళ్ల ఎత్తు చూసుకోవాలి. ఒకే పాదం ఎ, బి పెడళ్ల మీద అటూ ఇటూ ఒరగాలి కాబట్టి ఆ రెండూ సమానమైన ఎత్తులో ఉండాలి. నిలువు రాడ్లను పొడిగించి, కుదించి ఇది ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. తర్వాత శ్రుతి. ముందు ఏ పెడలూ తొక్కకుండా పది తీగలూ బిరడాల దగ్గర శ్రుతి చేయాలి. ఆ తర్వాతే ఒక్కో పెడల్ తొక్కిపట్టి, కుడి చివర కనిపించే నైలాన్ నట్లు తిప్పుతూ పెరిగిన స్వరాన్ని సరిచేయాలి. నట్టు ఎంత బిగించినా స్వరం పైకి అందకపోతే ఆ పెడల్ ప్రయాణాన్ని ఆపే మర చూడాలి. పెడల్ వదిలాక తీగ తన స్వరానికి తిరిగి రాకపోతే రాడ్డులో కొంచెమైనా వదులు ఉందో లేదో చూడాలి. వదులు లేని రాడ్డు తీగను పూర్తిగా విశ్రాంతికి రానివ్వదు. కొత్తవాళ్లు ఇలాంటి చోటే కొత్త భాగాలు కొనడానికి పరుగెడతారు. చాలాసార్లు నట్టు అరచుట్టు వెనక్కి తిప్పితే సరిపోతుంది.

ఇంకో చిక్కు చెవిది. ట్యూనర్‌లో అన్ని తీగలూ సున్నా దగ్గర నిలబెట్టినా మేజర్ కార్డు గరుకుగా వినిపిస్తుంది. ఎందుకంటే శుద్ధమైన అంతర గాంధారం ట్యూనర్ చూపించే చోటికి సుమారు 14 సెంట్లు కింద ఉంటుంది. అర స్వరానికి 100 సెంట్లు అనుకుంటే ఇది చిన్న తేడా ఏమీ కాదు. అందుకే చాలామంది జి షార్ప్ తీగల్నీ, ఎ పెడల్‌తో వచ్చే సి షార్ప్‌నూ కొంచెం దించి పెడతారు. పైగా ఎ, బి పెడళ్లు కలిపి తొక్కినప్పుడు వాద్యం చట్రం ఆ బిగువుకు రవ్వంత వంగి, కదలకూడని ఇ తీగ కూడా కొద్దిగా దిగుతుంది. ఏదో ఒక మేరకు ఇది ప్రతి వాద్యంలోనూ ఉంటుంది. వీటిని లోపాలనుకుని రాడ్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

మార్పు ఎంత దూరం పాకుతుందో చెప్పడానికి ఆరో తీగ చాలు. 0.020 అంగుళాల సాదా తీగ తీసి 0.022 చుట్టు తీగ వేస్తే, అంతే స్వరం కదలడానికి పెడల్ ఇంకా ఎక్కువ దూరం లాగాలి. ఆరో తీగను ఎక్కించే బి పెడల్‌కే మూడో తీగ కూడా కట్టి ఉంది కాబట్టి దాని లెక్కా తప్పుతుంది. తీగ మార్చితేనే ఇంత జరిగితే, లివరేజి మార్చితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

విప్పి చూడకపోతే యంత్రం ఎలా అర్థమవుతుందని అడగొచ్చు. నిజమే. అడుగుభాగాన్ని చూడండి, దుమ్ము తుడవండి, ఒక్కో పెడల్ చేత్తో నొక్కి ఏ రాడ్డు ఏ తీగను లాగుతోందో కాగితం మీద రాసుకోండి. యంత్రం అర్థం కావడానికి ఇది చాలు. మహా వాదకులంతా తమ వాద్యాలను మార్చుకున్నవారే కదా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. అవును, మార్చుకున్నారు. ఎమన్స్ అమరికలో పెడళ్లు ఎడమ నుంచి ఎ, బి, సి. జిమ్మీ డే అమరికలో సి, బి, ఎ. ఇద్దరూ గొప్పవాళ్లే, ఇద్దరి వరసా ఈనాటికీ నడుస్తోంది. అంటే వరస ఏదైనా ఫరవాలేదు, దాని మీద నిలకడగా సాధన చేయడమే ముఖ్యం. ఇంకో మాట. పుస్తకాలూ పాఠాలూ ఎక్కువగా ఇ నైన్త్ ప్రమాణ అమరికనే నమ్ముకుని రాసినవి. మీ వాద్యం అందరికంటే వేరుగా ఉంటే ఏ గురువు పాఠమూ మీ పాదానికి కుదరదు.

ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను. షో-బడ్ మావెరిక్ లాంటి పాత విద్యార్థి నమూనాల్లో మూడు పెడళ్లు, ఒకే ఒక్క మోకాలి లీవరు ఉండేవి. అలాంటి వాద్యానికి ఇ తీగల్ని తగ్గించే లీవరూ పెంచే లీవరూ లేకపోతే వాటిని పెట్టించడం తప్పు కాదు. అది లోటు పూడ్చుకోవడమే. అయితే ఆ పని తెలిసినవారి చేత చేయించండి. ఇంకా కొనకపోతే మూడు పెడళ్లు, నాలుగు లీవర్లు ఉన్నదాన్నే వెతకండి. మార్పులకు దాచిన డబ్బు మంచి వాల్యూమ్ పెడల్‌కు పెట్టండి. ఇ నైన్త్ తీగల సెట్లతో పాటు 0.011 మందపు మూడో తీగలు విడిగా కొన్ని కొనిపెట్టుకోండి. అన్నిటికంటే ఎక్కువగా తెగేది అదే.