దగ్గు కూడా అనుగ్రహమే

మెడ వద్ద వెన్నుపాము దెబ్బతిన్న మనిషిని పరామర్శించడానికి వచ్చేవారి చూపంతా అతని కాళ్ళ మీదనే ఉంటుంది. "మళ్ళీ నడుస్తాడా?" అన్నదే మొదటి ప్రశ్న. మహబూబాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తూ మా తమ్ముడు రెండో అంతస్తు నుండి పడిన తరువాత మా ఇంట్లోనూ నెలల తరబడి అదే ప్రశ్న వినిపించింది. అతని ప్రాణానికి ముప్పు కాళ్ళలో లేదనీ, గొంతులో గురగురమంటున్న కఫంలో ఉందనీ మాకు చెప్పినది ఒక ఫిజియోథెరపిస్టు.

మా వైపు ఇటువంటి గాయాలు కొత్తవి కావు. జనగామలో తాటిచెట్టు మీద నుండి జారిపడిన గీత కార్మికుడు, భూపాలపల్లి భూగర్భ గనిలో పైకప్పు కూలి వెన్ను విరిగిన కార్మికుడు, ట్రాక్టరు తిరగబడి మంచాన పడిన రైతు. ఎవరి ఇంట్లోనైనా అవస్థ ఒక్కటే. గాయం ఎంత పైన ఉంటే శ్వాసకు అంత కష్టం.

ఊపిరి పీల్చడంలో అధికభాగం ఉదరవితానానిదే. రొమ్ముకూ పొట్టకూ నడుమ గొడుగులా పరచుకున్న ఈ కండరాన్ని నడిపే నరం మెడలో, వెన్నుపాము మూడు, నాలుగు, ఐదవ భాగాల నుండి బయలుదేరుతుంది. అంతకు పైన గాయమైతే సాధారణంగా యంత్రం ఆసరా కావాలి. దిగువన అయితే ఊపిరి లోనికి పోతుంది కాని, పక్కటెముకల కండరాలు, పొట్ట కండరాలు పలకవు. గట్టి దగ్గును పుట్టించేవి ఆ పొట్ట కండరాలే. దగ్గలేనివాని ఊపిరితిత్తులలో కఫం నిలిచి న్యుమోనియాగా మారుతుంది. రోజుకు ఎన్నిసార్లు దగ్గుతామో మనలో ఎవరూ లెక్కించరు. అల్లాహ్ ప్రసాదించిన ఆ చిన్న అనుగ్రహం పోయిన ఇంట్లో దాని విలువ తెలుస్తుంది.

పోయిన దగ్గును ఇంటివారి చేతులు కొంతవరకు తిరిగి ఇవ్వగలవు. వెన్నెముక కుదురుకున్నదని వైద్యులు నిర్ధారించిన తరువాత ఫిజియోథెరపిస్టు దగ్గరుండి మా అమ్మీకీ, మరదలికీ ఆ పద్ధతి నేర్పారు. రోగి నిండుగా ఊపిరి పీల్చుకోవాలి. అరచేతులను బొడ్డుకు పైన, పక్కటెముకలకు దిగువన ఆనించి, అతను దగ్గబోయే క్షణంలోనే లోనికీ పైకీ ఒక్కసారిగా నొక్కాలి. ఎముకల మీద బరువు పడరాదు. భోజనమైన వెంటనే చేయరాదు. పక్కటెముకలు విరిగినవారికి అసలే కూడదు. ఇది కళ్ళారా చూసి నేర్చుకోవలసిన పనే తప్ప, మా వ్యాసం చదివి మొదలుపెట్టేది కాదు. మొదటి వారం అమ్మీ చేతులు వణికాయి. ఇప్పుడు ఆమె "బిస్మిల్లాహ్" అనగానే తమ్ముడు ఊపిరి అందుకుంటాడు, కఫం బయటికి వస్తుంది.

కూర్చోబెడితే ఊపిరి బాగా ఆడుతుందన్నది అందరి నమ్మకం. ఇతర రోగుల విషయంలో అది చాలావరకు నిజమే. మెడ గాయమైనవారిలో తరచు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. బిగువు కోల్పోయిన పొట్ట కూర్చున్నప్పుడు ముందుకు జారి, ఉదరవితానం చదునై, దాని కదలిక తగ్గిపోతుంది. వెల్లకిలా పడుకుంటే పొట్టలోని అవయవాలు దానిని పైకి నెట్టి, మళ్ళీ కిందికి దిగేందుకు చోటిస్తాయి. మా పెద్దలు మాత్రం నమాజుకు దిండ్లు ఆనించి కూర్చోబెట్టవలసిందేనని పట్టుబట్టారు. వ్యాధితో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు, నిలబడలేకపోతే కూర్చునీ, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగీ నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) తెలియజేసిన సంగతిని ఇమాం గారు గుర్తుచేశారు. ఆ తరువాత పట్టు సడలింది. చక్రాల కుర్చీలో ఉన్నంతసేపు పొట్టకు బెల్టు కడతాము, బాలింతకు నడికట్టు కట్టినట్లు.

శ్వాస కండరాలకు సాధన కూడా కావాలి. మూడు బంతుల స్పైరోమీటరును తమ్ముడు పూటపూటకూ పీలుస్తాడు. దానికి తోడు ఖుర్ఆన్ పఠనం. మొదట్లో సూరహ్ ఫాతిహాలో మాట మాటకూ ఆగేవాడు. ఇప్పుడు ఆయతు ఆయతుకు ఆగుతున్నాడు. చివరి పొడవైన ఆయతుకు మాత్రం ఇంకా రెండు ఊపిర్లు పడుతున్నాయి. పారాయణాన్ని మందుగా లెక్కగట్టడం మా ఉద్దేశం కాదు గాని, ఊపిరి ఎంత పెరిగిందో మా ఇంట్లో అందరికీ తెలిసేది దానితోనే. "దుఆ చేయండి చాలు, ఈ కసరత్తులెందుకు" అన్న బంధువులూ ఉన్నారు. వారితో మేము వాదించలేదు, కసరత్తూ మానలేదు. ఇంట్లో బీడీ కాల్చడం మాత్రం మాన్పించాము.

మన దేశంలో ఇటువంటి పునరావాస వైద్యానికి బాటవేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోనే వైద్యం సాగించారు. వెల్లూరులో 1966లో ఆమె చేతుల మీదుగా పునరావాస కేంద్రం ఏర్పడింది. మన వైపు నుండి వెల్లూరు ఎంత దూరం! ఇప్పుడైతే మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వెన్నుపాము రోగిని ఇంటికి పంపేముందు, అతనిని చూసుకోబోయే ఇద్దరికైనా దగ్గించే పద్ధతి నేర్పాలని వైద్యులను అడగండి. జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా, శ్వాస వేగం పెరిగినా తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పెదవులు నీలమైతే క్షణం కూడా ఆలస్యం చేయకండి.